బొమ్మ చూసి బ్యాండ్ వినడం: జూలీ జిరూ 'బుక్‌మార్క్స్ ఫ్రమ్ జపాన్' గురించి

మీ ప్రశ్నలో చాలా విషయాలే ఉన్నాయి. అమెరికాలో హైస్కూల్ చదువుతున్న మీ అమ్మాయి స్కూల్ బ్యాండ్‌లో క్లారినెట్ వాయిస్తోంది. ఈసారి కచేరీకి వాళ్ళ డైరెక్టర్ జూలీ జిరూ రాసిన 'బుక్‌మార్క్స్ ఫ్రమ్ జపాన్' నుంచి రెండు భాగాలు తీసుకున్నారు. ఒకటి పెద్ద అల, ఇంకొకటి మంచు కురిసే రాత్రి. మీరిద్దరూ కలిసి విన్నారు, నచ్చింది, కానీ బొమ్మకీ సంగీతానికీ లంకె ఎక్కడుందో అంతుపట్టలేదు. ఇది అర్థం కావాలంటే జపాన్ రాగాలు తెలియాలా? వయొలిన్లే లేని బ్యాండ్‌లో ప్రకృతి దృశ్యం ఎలా పలుకుతుంది? మంచు భాగంలో నోట్సు తేలిగ్గానే కనబడుతున్నా పిల్ల ఎందుకంత టెన్షన్ పడుతోంది? మన సంగీతానికి వీటితో ఏమైనా చుట్టరికం ఉందా? ఇవీ మీరు అడిగినవి.

నేను చాలా ఏళ్ళుగా కమ్యూనిటీ బ్యాండ్‌లో క్లారినెట్ వాయిస్తున్నాను, పిల్లలకి నేర్పుతున్నాను. ఈ సింఫనీ అంటే నాకు ప్రాణం. అందుకని జవాబు కాస్త పొడుగ్గానే ఉంటుంది.

ముందు రచన సంగతి. ఇది జిరూ నాలుగో సింఫనీ, 2013 నాటిది. ఆవిడ అమెరికన్. హాలీవుడ్‌లో సినిమాలకీ టీవీకీ పనిచేసి ఎమ్మీ (అమెరికా టీవీ పురస్కారం) అందుకున్నారు, బ్యాండ్ కోసం కూడా విరివిగా రాశారు. ఇండియానా యూనివర్సిటీలో బ్యాండ్ల డైరెక్టర్‌గా చేసిన రే క్రేమర్‌కి టోక్యోలోని ముసాషినో సంగీత విద్యాలయంతో చాలా కాలం అనుబంధం ఉంది. ఆయనా, ఆయన భార్య మోలీ కలిసి జిరూకి కొన్ని బుక్‌మార్కులు కానుకగా ఇచ్చారు. ఒక్కోదాని మీద ఒక్కో పాత జపాన్ అచ్చు బొమ్మ. వాటిలో ఆరు బొమ్మలు తీసుకుని ఆరు భాగాలుగా ఈ సింఫనీ రాశారు. మొత్తం వాయిస్తే సుమారు అరగంట పడుతుంది. స్కూల్ బ్యాండ్లు మీ వాళ్ళలాగే ఒకటో రెండో భాగాలు ఎంచుకుంటాయి.

ఆరింటిలో రెండు బొమ్మలు జపాన్ చిత్రకారుడు హోకుసాయ్‌వి. షినగావా దగ్గర గోతెన్‌యామా కొండ మీద నుంచి కనబడే ఫుజి పర్వతం మొదటి భాగం, కనగావా పెద్ద అల మూడో భాగం. రెండూ 1830 ప్రాంతంలో మొదలైన 'ఫుజి 36 దృశ్యాలు' వరసలోవి. (పేరుకి 36 గానీ, జనం ఎగబడి కొనడంతో ఇంకో పది కలిపారు, మొత్తం 46.) మిగతా నాలుగూ ఇంకో జపాన్ చిత్రకారుడు హిరోషిగేవి. నిహోన్‌బాషి వంతెన, కంబరా ఊళ్ళో రాత్రి మంచు, హకోనే సరస్సు అనే మూడూ 1833-34లో వచ్చిన 'తొకైదో 53 మజిలీలు' నుంచి. తొకైదో అంటే అప్పటి ఎదో నగరం నుంచి, అంటే ఇప్పటి టోక్యో నుంచి, క్యోటో దాకా వెళ్ళే సుమారు 500 కిలోమీటర్ల బాట. హిరోషిగే బొమ్మల్లో మిగిలినది అసకుసా గుడి ముందరి ఉరుముల ద్వారం. అది హిరోషిగే చివరి రోజుల్లో, 1856లో వేసింది.

ఇక అసలు మాట. బొమ్మలో ఉన్న వస్తువుల్ని సంగీతంలో వెతకొద్దు. కొండ ఎక్కడ, పడవ ఎక్కడ, గొడుగు ఎక్కడ అని వెతుక్కుంటూ కూర్చుంటే రెండు నిమిషాల్లో విసుగొస్తుంది. దానికి బదులు ఆ బొమ్మ ఎలా అచ్చయిందో తెలుసుకోండి. అది తెలిస్తే బ్యాండ్ ఏం చేస్తోందో చెవికి దానంతటదే తెలుస్తుంది.

ఇవి చెక్క అచ్చులతో వేసిన బొమ్మలు. చిత్రకారుడు పల్చటి కాగితం మీద గీతలు గీసి ఇస్తాడు. చెక్కేవాడు ఆ కాగితాన్ని చెర్రీ చెక్క మీద బోర్లా అంటించి, గీతలు మాత్రం మిగిలేలా మిగతాదంతా తొలిచేస్తాడు. అది గీతల అచ్చు. ఆ తర్వాత రంగుల అచ్చులు విడివిడిగా చెక్కుతారు. అచ్చువేసేవాడు తడిపిన కాగితాన్ని ఒక్కో అచ్చు మీద పరిచి, వెదురు పొర చుట్టిన గుండ్రటి దిమ్మతో వీపు మీద రుద్దుతాడు. దీన్ని బారెన్ అంటారు. పెట్టుబడి పెట్టి అమ్మేది ప్రచురణకర్త. పెడనలో కలంకారీ అద్దకం చూసినవాళ్ళకి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. గీతకో అచ్చు, ఎరుపుకో అచ్చు, ఒక్కటి వెంట్రుకవాసి జరిగినా పువ్వు రంగు పువ్వు దాటి బయటికి పోతుంది. అంటే మనం 'హోకుసాయ్ బొమ్మ' అంటున్నది నిజానికి నలుగురైదుగురి చేతిపని. హోకుసాయ్ గీసిన అల వేరు, అచ్చువేసేవాడు ఆ రోజు ఎంత నీలం రాశాడన్నది వేరు.

ఈ పద్ధతిలో రంగులు పల్చటి రేకుల్లా ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. పాశ్చాత్యుల తైలవర్ణ చిత్రాల్లోలా వెలుగునీడలు మెత్తగా కలిసిపోవు. అంచులు కచ్చితంగా ఉంటాయి. చాలాచోట్ల కాగితాన్ని అసలు ముట్టుకోరు, ఆ తెలుపే మంచు, ఆ తెలుపే నురగ.

ఇప్పుడు బ్యాండ్ వైపు రండి. ఫ్లూట్లు, ఓబోలు, బసూన్లు, చిన్నా పెద్దా క్లారినెట్లు, శాక్సఫోన్లు, ట్రంపెట్లు, హార్న్లు, ట్రాంబోన్లు, యూఫోనియం, ట్యూబా. వెనకాల డ్రమ్ములు, తాళాలు, గాంగ్, జైలోఫోన్, మరింబా, వైబ్రఫోన్. చాలా రచనల్లో ఒక డబుల్ బాస్ కూడా ఉంటుంది. ఆర్కెస్ట్రాలో వయొలిన్ల గుంపు ఒకే రంగుని కింద నుంచి పై దాకా నేలలా పరిచి ఉంచుతుంది, మిగతా వాద్యాలు దాని మీద వచ్చి పోతాయి. బ్యాండ్‌లో అలాంటి ఒకే రంగు నేల లేదు. ప్రతి కుటుంబానిదీ ఒక రంగు, ఒక అంచు. రచయిత వాటిని విడివిడిగా పేర్చుకోవాలి. హార్న్లు నిలిపి ఉంచిన స్వరం మీద కింది స్థాయి క్లారినెట్లు పరిస్తే ఒక రంగు వస్తుంది, అదే స్వరం మీద మ్యూట్ (శబ్దాన్ని మార్చే మూత) పెట్టిన ట్రంపెట్ వస్తే పూర్తిగా ఇంకో రంగు. చెక్క అచ్చు వేసేవాడు చేసే పని కూడా ఇదే. అందుకే వయొలిన్లు లేకపోవడం ఈ బొమ్మలకి లోటని నేను ఎన్నడూ అనుకోలేదు. నన్నడిగితే ఇలాంటి బొమ్మలకి ఆర్కెస్ట్రా కంటే బ్యాండే బాగా నప్పుతుంది.

ఒక పని చేసి చూడండి. ఈసారి వినేటప్పుడు పైన నడిచే పాటని వదిలేసి, దాని కింద నిలిపి ఉంచిన స్వరాలు ఎవరివో, అవి ఎక్కడ చేతులు మారుతున్నాయో మాత్రం వినండి. అలా ఒక్కసారి వింటే చాలు, రెండోసారికి పాట కూడా కొత్తగా వినబడుతుంది.

పెద్ద అల గురించి. ఈ బొమ్మని ప్రపంచంలో చూడనివాళ్ళు తక్కువే, కానీ అసలు కాగితం ఎంతుంటుందో తెలిసినవాళ్ళూ తక్కువే. సుమారు 25 సెంటీమీటర్ల ఎత్తు, 37 వెడల్పు. ఒళ్ళో పెట్టుకుని చూసే సైజు. మూడు పడవలు, వాటిలో తెడ్లు పట్టుకుని వంగిపోయిన మనుషులు, దూరంగా మధ్యలో చిన్న ఫుజి. ఆకాశం దాదాపు ఖాళీ. వాడిన నీలం ప్రష్యన్ బ్లూ, అప్పట్లో బయటి దేశాల నుంచి కొత్తగా వచ్చి అందరినీ ఆకట్టుకున్న రంగు. గీతలు కూడా నలుపులో వేయకుండా ముదురు నీలంలోనే వేశారు. ముందువైపు లేస్తున్న చిన్న అలని చూడండి, అచ్చం ఫుజి ఆకారమే. కొండ అలలా, అల కొండలా ఉంటాయి.

ముఖ్యమైన సంగతేమిటంటే, ఆ బొమ్మలో అల ఇంకా పడలేదు. నురగ గోళ్ళలా వంగి ఉంది, అంతే. పడవల్లో వాళ్ళు బతికారో లేదో బొమ్మ చెప్పదు. జిరూ ఈ భాగానికి 'ఒక అల జీవితం' అనే అర్థంలో ఉపశీర్షిక పెట్టారు. అంటే హోకుసాయ్ పట్టుకున్న ఆ ఒక్క క్షణానికి ముందు జరిగిందీ తర్వాత జరిగిందీ సంగీతంలోకి తెచ్చారన్నమాట. బొమ్మకి లేనిది కాలం, సంగీతానికి ఉన్నదే అది. కాబట్టి మీరు వినేటప్పుడు 'బొమ్మలో ఉన్న క్షణం ఎక్కడ వచ్చింది?' అని మీ అమ్మాయిని అడగండి. తను ఒక చోటు చూపిస్తుంది, మీరు ఇంకో చోటు చూపిస్తారు. అక్కడి నుంచి మంచి మాటలు నడుస్తాయి.

వాయించేవాళ్ళు ఇందులో తరచూ చేసే పొరపాటు ఒకటుంది. అల అనగానే మొదటి నుంచీ గట్టిగా వాయించేస్తారు. పెద్ద డ్రమ్ము దొర్లించడం, తాళం మీద మెత్తటి కర్రలతో మోత పెంచడం, కింది ఇత్తడి వాద్యాల హోరు, పైన ఫ్లూట్లు క్లారినెట్ల పరుగులు, ఇవి బ్యాండ్‌లో సముద్రానికి వాడే మామూలు సరంజామా. ఇవన్నీ ఒకేసారి పెరిగితే వినేవాళ్ళకి పెరిగినట్టే ఉండదు, మోతలా ఉంటుంది. శబ్దం పెంచాల్సిన చోట స్కోరులో (సంగీతం రాసిన కాగితంలో) గుర్తు నాలుగు బార్ల (తాళం ఆవర్తాల్లాంటి కొలతల) పొడవున ఉంటే, మొదటి రెండున్నర బార్లు దాదాపు పెంచకూడదు. పెరుగుదలంతా చివర్లో రావాలి. పరుగులు తీసే క్లారినెట్లు ప్రతి స్వరాన్నీ వినిపించాలని తాపత్రయపడక్కర్లేదు, కానీ బీటు మీద పడే స్వరం మాత్రం అందరిదీ ఒక్కసారే పడాలి. ఎవరైనా తప్పిపోతే తర్వాతి బీటులో కలవాలి. నా విద్యార్థులకి నేను చెప్పేది ఇంతే.

ఈ అలకి సంగీతంలో పాత చరిత్రే ఉంది. 1905లో ఫ్రెంచ్ స్వరకర్త డెబుస్సీ 'లా మేర్' (సముద్రం) స్కోరు అచ్చయినప్పుడు దాని అట్ట మీద ఈ అల ఆధారంగా వేసిన బొమ్మే పెట్టారు. ఆయన ఇంట్లో కూడా ఈ బొమ్మ ఉండేది. అది ఆర్కెస్ట్రా రచన, కానీ బ్యాండ్‌కి కూడా మార్చి వాయిస్తుంటారు. జిరూ అల విన్నాక అది వింటే ఒకే బొమ్మ ఇద్దరి చేతుల్లో ఎంత వేరుగా కదిలిందో తెలుస్తుంది.

మంచు భాగానికి వద్దాం. మీ అమ్మాయి టెన్షన్ న్యాయమైనదే. నా లెక్కన ఆరు భాగాల్లో క్లారినెట్ వాళ్ళకి కష్టమైనది ఇదే.

ముందు బొమ్మ. కంబరాలో రాత్రి. ఇళ్ళ కప్పుల మీద, కొండ మీద, దారి మీద మంచు. ముగ్గురే మనుషులు. ఎడమవైపు ఒకరు సగం మూసిన గొడుగులో తల దూర్చి ఒక దిక్కుకి పోతుంటే, కుడివైపు ఇద్దరు వంగిపోయి ఇంకో దిక్కుకి ఎక్కుతున్నారు. ఎవరి ముఖమూ కనబడదు. బొమ్మంతా నలుపు, బూడిద రంగు, కాగితం తెలుపు, మనుషుల బట్టల దగ్గర మాత్రం కాస్త రంగు. విచిత్రమేమిటంటే కంబరా సురుగా అఖాతం ఒడ్డున ఉన్న వెచ్చటి ఊరు. అంత మంచు అక్కడ పడడం చాలా అరుదు. హిరోషిగే ఆ ఊరికి మంచుని తనే తెచ్చిపెట్టాడని చాలామంది అనుకుంటారు.

ఆకాశాన్ని దగ్గరగా చూడండి. నలుపు ఒకచోట చిక్కగా మొదలై, తెలియకుండా పల్చబడుతూ బూడిద రంగులో కలిసిపోతుంది. దీన్ని బొకాషి అంటారు. అచ్చులో ఈ తేడా చెక్కి ఉండదు, అచ్చు మొత్తం చదునే. అచ్చువేసేవాడు చెక్కని తడిపి, కుంచెకి ఒక పక్కనే రంగు పెట్టి ఒక్కసారి లాగుతాడు. రంగు చిక్కదనం ఒక అంచు నుంచి ఇంకో అంచుకి తగ్గిపోతుంది. ఇది ప్రతి కాగితానికీ మళ్ళీ చేతితో చేయాల్సిందే. కంబరా బొమ్మకి రెండు రకాల అచ్చులు దొరుకుతాయి. ఒకదాంట్లో నలుపు ఆకాశం పైఅంచున ఉండి కిందికి పల్చబడుతుంది. ఇంకోదాంట్లో నలుపు కొండ వెనకాల ఉండి పైకి పల్చబడుతుంది. గీత ఒకటే, రాత్రులు రెండు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి మీ అమ్మాయికి చూపించండి. ఒకే స్కోరుని ఇద్దరు కండక్టర్లు వాయిస్తే వచ్చే తేడా ఏమిటో మాటల్లో చెప్పడం కంటే ఇది తేలిక.

క్లారినెట్ బొకాషికి పుట్టిన వాద్యం. గాలివాద్యాల్లో బొత్తిగా ఏమీ లేని చోటు నుంచి స్వరాన్ని మొదలుపెట్టి, ఎక్కడ మొదలైందో ఎవరికీ తెలియకుండా తీసుకురాగలిగేది అన్నిటికంటే క్లారినెటే, అందులోనూ కింది స్థాయిలో. అందుకే మంచు, మసక, తెల్లవారుజాము లాంటివి రాసేటప్పుడు రచయితలు మన మీద పడతారు.

ఇది సాధించడానికి పిల్లకి నాలుగు మాటలు చెప్పండి. మెల్లగా, అంటే చిన్న శబ్దంతో వాయించమంటే చాలామంది గాలి తగ్గిస్తారు. గాలి పరిమాణం తగ్గాలి, వేగం తగ్గకూడదు. పొట్ట దగ్గర బిగువు గట్టిగా వాయించేటప్పటి కంటే ఇంకాస్త ఎక్కువే ఉండాలి. మొదలుపెట్టేటప్పుడు నాలుకతో రీడ్‌ని (నోటి దగ్గర అదిరి శబ్దమిచ్చే పల్చటి బద్దని) కొట్టకుండా గాలిని ముందే నడిపించి, రీడ్ తనంతట తను కదిలే దాకా ఆగాలి. మొదట్లో రెండుసార్లకి ఒకసారి స్వరం రాదు, గాలి చప్పుడే వస్తుంది. రోజూ ఒక్కో స్వరం మీద ఎనిమిది లెక్కల్లో పైకి, ఎనిమిది లెక్కల్లో కిందికి చేస్తూ పోతే కొన్ని వారాల్లో నమ్మకం కుదురుతుంది. రీడ్ సంగతి కూడా చూసుకోవాలి. మార్చింగ్ సీజన్‌లో మైదానంలో గట్టిగా వాయించిన గట్టి రీడ్‌తో ఈ పని కాదు. కాస్త మెత్తటివి రెండు మూడు ఇప్పటి నుంచే వాయించి సిద్ధం చేసి పెట్టుకోమనండి. కచేరీ రోజు కొత్త రీడ్ తీయొద్దు.

శ్రుతి ఇంకో చిక్కు. మెల్లగా వాయిస్తే క్లారినెట్ శ్రుతి పైకి జరుగుతుంది, ఫ్లూట్ శ్రుతి కిందికి జారుతుంది. ఇద్దరూ ఒకే స్వరం పట్టి మెల్లమెల్లగా తగ్గుతుంటే ఒకరికొకరు దూరమైపోతారు, వినేవాళ్ళకి బొమ్మలో రంగు అచ్చు జరిగినట్టే తెలుస్తుంది. ట్యూనర్‌తో ఒంటరిగా ప్రాక్టీస్ చేస్తే ఇది సగమే తీరుతుంది. ఫ్లూట్ వాయించే స్నేహితురాలిని ఒకరిని కూర్చోబెట్టుకుని, ఇద్దరూ ఒక్క స్వరం పట్టుకుని గట్టి నుంచి మెల్లకి దిగుతూ చెవితో సరిచేసుకోవాలి. చల్లటి స్టేజీ మీదకి వెళ్ళాక వాద్యం చల్లబడితే శ్రుతి మళ్ళీ దిగుతుంది. వాయించని బార్లలో చప్పుడు కాకుండా వాద్యంలోకి వెచ్చటి ఊపిరి వదులుతూ ఉండమనండి.

ఊపిరి దగ్గర కూడా సెక్షన్ అంతా మాట్లాడుకోవాలి. పొడుగు స్వరం తెగకుండా ఉండాలంటే అందరూ ఒకేచోట ఊపిరి తీయకూడదు. బార్ గీత దగ్గర తీయాలనిపిస్తుంది, అక్కడ తీయొద్దు, అందరికీ అక్కడే అనిపిస్తుంది కాబట్టి. ఎవరు ఏ బీటు తర్వాత తీయాలో పెన్సిల్‌తో పార్ట్ మీద రాసుకోవాలి. ఆగేటప్పుడు స్వరాన్ని పల్చబరిచి ఆగాలి, తిరిగి వచ్చేటప్పుడు పల్చగానే వచ్చి కలవాలి. ఇంతమంది ఇలా వంతులవారీగా ఊపిరి తీస్తుంటే ఎవరిదీ విడిగా వినబడని ఒక పొర ఏర్పడుతుంది. వయొలిన్లు ఇవ్వలేని పొర అది. ఈ భాగానికి జిరూ పెట్టిన ఉపశీర్షిక 'లైట్ ఈజ్ ద టచ్', అంటే స్పర్శ తేలిక అని. దాన్ని పిల్లలు మెత్తగా వాయించమన్న హెచ్చరికలా చదువుతారు, భయపడతారు. పక్కవాళ్ళ మీద ఆనుకోమని చెప్పినట్టు చదివితే భయం సగం పోతుంది.

మిగతా నాలుగు భాగాలు మీవాళ్ళు వాయించడం లేదు కాబట్టి త్వరగా చెప్తాను. నిహోన్‌బాషి బొమ్మలో తెల్లవారుజామున ప్రభువు ఊరేగింపు వంతెన దిగుతుంటే, ముందు చేపలమ్మేవాళ్ళు గంపలతో పక్కకి తప్పుకుంటున్నారు, కుడి పక్కన రెండు కుక్కలు. ఉరుముల ద్వారం బొమ్మలో పెద్ద ఎర్ర లాంతరు పై భాగం కాగితం దాటిపోయి కోసేసినట్టు ఉంటుంది, దాని కింద నుంచి మంచులో నడిచే జనాన్ని మనం చూస్తాం. ఆ ద్వారం 1865లో కాలిపోయింది, ఇప్పుడున్నది 1960లో కట్టింది. హకోనేలో నిటారు కొండ రంగురంగుల ముక్కలుగా ఉంటుంది, దాని చీలికలో చీమల్లా ప్రయాణికుల బారు. కొండని అలా ముక్కలుగా రంగులు మార్చి కట్టడం చూస్తే, బ్యాండ్‌లో ఒకే పాటని ఒక వాద్యం నుంచి ఇంకో వాద్యానికి అందించడం నాకు ప్రతిసారీ గుర్తొస్తుంది.

గోతెన్‌యామా గురించి మాత్రం ఒక సంగతి ఆపుకోలేను. హోకుసాయ్ బొమ్మలో ఆ కొండ మీద జనం చెర్రీ పూల కింద కూర్చుని వేడుక చేసుకుంటున్నారు, దూరంగా ఫుజి. 1853లో అమెరికా నౌకాదళాధిపతి పెర్రీ నల్ల ఓడలతో వచ్చాక, ఎదో రేవుని కాపాడడానికి సముద్రంలో కోటదిబ్బలు కట్టారు. ఆ మట్టి కోసం తవ్వింది ఈ కొండనే. ఆ పెర్రీ తనతో పాటు బ్యాండు కూడా తెచ్చాడు, ఆయన మనుషులు ఒడ్డున దిగింది బ్యాండు మోతతోనే. అప్పటికి హోకుసాయ్ పోయి నాలుగేళ్ళు, హిరోషిగే ఎదోలోనే ఉన్నాడు. హిరోషిగే 1858లో పోయాడు. 1869లో యోకొహామాలో ఫెంటన్ అనే బ్రిటిష్ బ్యాండ్‌మాస్టర్ సత్సుమా అనే సంస్థానం యువకులకి నేర్పడంతో జపాన్‌కి సొంత బ్యాండ్ మొదలైంది. ఆ దేశంలో ఈనాడు స్కూలు బ్యాండ్లు ఎంత కట్టుదిట్టంగా ఉంటాయో మీ అమ్మాయికి తెలిసే ఉంటుంది. 1960లో ఏర్పడిన టోక్యో కోసెయి విండ్ ఆర్కెస్ట్రా రికార్డింగులు మా తరం బ్యాండ్ వాళ్ళకి పాఠ్యపుస్తకాల్లాంటివి.

జపాన్ రాగాలు తెలియాలా అన్నారు. వినడానికి అక్కర్లేదు. కానీ మీ ఇంట్లో కర్ణాటక సంగీతం ఉందన్నారు కాబట్టి మీకు తేలిగ్గా అందే దారి ఒకటుంది. జపాన్ పాత పట్టణ సంగీతంలో, 'సకురా' పాటలో వినబడే ఐదు స్వరాల మెట్లు మన లెక్కలో షడ్జం, శుద్ధ రిషభం, శుద్ధ మధ్యమం, పంచమం, శుద్ధ ధైవతం. అంటే కర్ణాటక శుద్ధ సావేరి స్వరాలు. మెయిజీ కాలం (1868-1912) నుంచి స్కూలు పాటల్లో బాగా వాడిన ఇంకో ఐదు స్వరాల వరస అచ్చంగా మోహన స్వరాలే. స్వరాలు కలిసినంత మాత్రాన రాగం అయిపోదు, గమకం అక్కడ లేదు, నడక వేరు. అయినా ఆ మెట్లు చెవికి పరిచయమే కాబట్టి మీకు జపాన్ పాట వింతగా అనిపించదు. ఈ ఐదు స్వరాలు వేసి, ఒక గాంగ్ మోగించి 'జపాన్' అని పేరు పెట్టేసే బ్యాండ్ రచనలు చాలా ఉన్నాయి. అవి నాకు నచ్చవు. బొమ్మని చూసి రాసినవాళ్ళకీ, పేరు పెట్టుకుని రాసినవాళ్ళకీ తేడా రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఇంకా వినాలంటే జపాన్ వాళ్ళు రాసినవి తప్పకుండా వినండి. తొషియో మషిమా (1949-2016) 2001లో రాసిన 'త్రీ నోట్స్ ఆఫ్ జపాన్' లో కొంగల నృత్యం, మంచు నది, అగ్ని ఉత్సవం అని మూడు భాగాలుంటాయి. మధ్యలోని మంచు నదిని కంబరా పక్కన పెట్టి వినాలి. హోకుసాయ్ బొమ్మల ప్రేరణతో ఫుజి మీద కూడా ఆయన ఒక బ్యాండ్ రచన చేశారు. శబ్దం పొరల విషయంలో ఆయన పని నాకు జిరూ కంటే కూడా సూక్ష్మంగా అనిపిస్తుంది.

చివరిగా చుట్టరికం సంగతి. ఇది నిజంగానే ఉంది, మనుషుల ద్వారా ఉంది. ఆలన్ హోవనెస్ అనే అమెరికన్ స్వరకర్త 1959-60లో ఫుల్‌బ్రైట్ ఉపకారవేతనం మీద భారతదేశం వచ్చి, మద్రాసులో కర్ణాటక సంగీతాన్ని దగ్గరగా విని నేర్చుకున్నారు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ కచేరీల్లో ఆయన సంగీతం కూడా వినిపించింది. ఆ తర్వాత జపాన్ వెళ్ళి అక్కడి ఆస్థాన సంగీతం గగాకు నేర్చుకున్నారు. 1965లో జైలోఫోన్‌కీ ఆర్కెస్ట్రాకీ 'ఫాంటసీ ఆన్ జపనీస్ వుడ్‌ప్రింట్స్' రాశారు. యొయిచి హిరఒకా జైలోఫోన్ వాయించగా, సెయిజి ఒజావా చికాగో సింఫనీతో దాన్ని మొదటిసారి వినిపించారు. అది బ్యాండ్ రచన కాదు గానీ, అదే హోవనెస్ తన ఏడో సింఫనీ 'నంగ పర్వత్' ని 1959లో పూర్తిగా గాలివాద్యాలకీ తాళవాద్యాలకీ రాశారు. జిరూ మొదటి భాగంలోని ఫుజి విన్న రోజే అది కూడా వినండి. ఒక కొండని బ్యాండ్‌లో నిలబెట్టడానికి ఇద్దరూ ఎంచుకున్న దారులు ఎంత దూరదూరంగా ఉన్నాయో మీ అమ్మాయే మీకు చెప్తుంది.